చుక్కల లోపల

ఇంటర్వ్యూ ఇంక ఎనిమిది రోజులుందనగా నాకొక పిచ్చి సందేహం పట్టుకుంది. నాకు తెలిసింది చెప్పాలా, తెలిసినట్టు చెప్పాలా?

నవ్వకండి. ఉద్యోగం కోసం నలుగురి ఎదుట నిలబడ్డవాళ్ళకి ఈ రెంటికీ తేడా బాగా తెలుసు.

మా యూనివర్సిటీ కళాచరిత్ర శాఖలో పాఠాలు చెప్తూ పరిశోధన చేసుకునే పోస్టు ఒకటి, ఒకే ఒక్కటి, పదకొండేళ్ళుగా ఖాళీగా పడి ఉంది. ఆ ఖాళీలో తొమ్మిదేళ్ళుగా నేను గెస్టు లెక్చరర్ని. ఇప్పుడు ఆ పోస్టుకి ప్రకటన పడింది. నాకొస్తే సరే. ఇంకెవరికైనా వస్తే ఖాళీ పూడిపోతుంది, దాంతో పాటే నా గెస్టు పనీ పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నాకు. నా స్టూడెంట్లుండే లేడీస్ హాస్టల్లోనే ఒక గది. పెట్టె సర్దుకుని ఎక్కడికి పోను? భయం వేసిందా అంటే వేసింది. దాచుకోవడం దేనికి?

నా దగ్గరున్నది ఒక్కటే అస్త్రం. నల్లదిన్నె చిత్రకారిణి.

నల్లదిన్నె గుడి మంటపం పైకప్పు మీద ఒకప్పుడు రంగుల బొమ్మలుండేవి. ఊరేగింపులో నడిచే ఆడవాళ్ళ వరస. అందులో చివరి ఆవిడ పిడికిట్లో సన్నటి గీత ఒకటి ఉంటుంది. ఆ గీత కుంచె అనీ, ఆ బొమ్మలు వేసింది ఆవిడే అనీ, నాలుగు వందల ఏళ్ళ కిందటే మన దగ్గర ఆడవాళ్ళు గుళ్ళల్లో బొమ్మలు వేశారనీ నేను థీసిస్ రాశాను. పేపర్లో వచ్చింది. టీవీ వాళ్ళు పిలిచి మాట్లాడించారు. డిగ్రీ రెండో ఏడాది పుస్తకంలో ఒక పేరా కూడా ఎక్కింది.

బొమ్మ ఇప్పుడు లేదు. నేను పుట్టకముందే ఒక వానాకాలంలో ఆ పైకప్పు కూలిపోయింది. మిగిలిందల్లా అంతకు నాలుగేళ్ళ ముందు గుళ్ళ బొమ్మల సర్వేకి వచ్చినవాళ్ళు తీసుకున్న పెన్సిలు నకలు. ఆ నకలు తీసిన మనిషే మా విరూపాక్షం సార్.

సార్‌కి డిగ్రీ లేదు. పైకప్పుల కింద పరంజా కట్టించుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, బొమ్మలు కాగితం మీదికి ఎత్తుకోవడంలోనే సగం వయసు గడిపారు. తర్వాత మా శాఖలో డ్రాయింగ్ చెప్పడానికి వచ్చారు. కాగితాల మీద ఆయన హోదా టెక్నికల్ అసిస్టెంటు. నా థీసిస్ గైడు వేరే పెద్దమనిషి. ఆయన సంతకాలు పెట్టారు. బొమ్మ ముందు కూర్చోవడం, చూడ్డం నేర్పింది మాత్రం ఈయనే.

నా సందేహం మూటగట్టుకుని ఆదివారం పొద్దున బస్సెక్కి హిందూపురం వెళ్ళాను. రిటైరయ్యాక సార్ అక్కడే ఉంటున్నారు, మేడ మీద ఒక గదిలో. నేను వెళ్ళేసరికి చాప మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నారు.

"రామ్మా ప్రసూనా. కూచో. నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను ఒలుస్తా ఉంటా."

"సార్, ఈసారి కమిటీలోకి వచ్చే పెద్దాయన అందర్నీ ఒకటే ప్రశ్న అడుగుతారంట. నీకెట్ల తెలుసు, అని. నేను ఎంత గట్టిగా చెప్పాలి?"

"ఏం చెప్పబోతావో అది చెప్పు ముందు."

నిజం చెప్పాలంటే నా వాదన ఆయనకి నేనెప్పుడూ పూర్తిగా వినిపించలేదు. థీసిస్ ఇంగ్లీషులో ఉంది. "సార్, మీరు ఎత్తిన బొమ్మలో ఆవిడ చేతిలో కుంచె ఉంది" అని పదేళ్ళ కిందట ఒకసారి చెప్పాను. "అట్లనా" అన్నారు. అంతటితో సరిపోయింది. ఈ ఇంటర్వ్యూలో కమిటీ ఎదుట, పిల్లల ఎదుట ఇరవై నిమిషాలు తెలుగులో పాఠం చెప్పి చూపించాలి. అందుకని తెలుగులో రాసుకున్నాను. అదే తీసి చదివాను.

బాగా చదివాను. మధ్యలో గొంతు పెంచాల్సిన చోట పెంచాను కూడా.

"ఆమె పిడికిలి పైన, గీత చుట్టూ పదకొండు చుక్కలున్నాయి. కుంచె విదిలించినప్పుడు రాలిన రంగు చుక్కలవి. పని మధ్యలో ఉన్న చిత్రకారిణి తనని తానే..."

కాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"చుక్కలా?" అన్నారు సార్.

"అవును సార్, పదకొండు. మీ నకల్లోనే ఉన్నాయి."

"రంగు చుక్కలని రాసినావా?"

"రాశాను సార్. అందరికీ అదే బాగా నచ్చింది."

ఆయన మళ్ళీ ఒలవడం మొదలుపెట్టారు గానీ గింజలూ పొట్టూ ఒకే పళ్ళెంలో వేసేస్తున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. చెప్దామా వద్దా అని ఆలోచిస్తూ ఉండగానే పళ్ళెం నిండిపోయింది.

"బుధవారం రా" అన్నారు.

"మరి నా ప్రశ్న సార్?"

"బుధవారం."

బస్సులో కూర్చుని తల బద్దలు కొట్టుకున్నాను. ఆయన్ని ఏమైనా నొప్పించానా? పాఠంలో ఆయన పేరు చెప్పలేదని కోపమా? చుక్కల దగ్గరే ఎందుకు ఆగారు? పదకొండు కాదా ఏమిటి, పన్నెండా? హాస్టల్‌కి రాగానే సర్వేవాళ్ళు అచ్చేసిన నకళ్ళ పుస్తకం తీసి మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

బుధవారం వెళ్ళేసరికి గదిలో చాప మీద పొడుగాటి రేకు గొట్టం ఉంది. సార్ దాన్లోంచి పచ్చబడిపోయిన కాగితం చుట్ట మెల్లగా లాగారు. నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టి పరిచారు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. నేనిన్నాళ్ళూ చూసింది అచ్చు పుస్తకంలో బొమ్మ. అది ఆఫీసులో కూర్చుని శుభ్రంగా తిరగరాసిన నకలుకి అచ్చు. ఇది పరంజా మీద పైకప్పు కింద పడుకుని ఎత్తిన మొదటి కాగితం. అక్కడక్కడా వేలిముద్రలు కూడా ఉన్నాయి.

"ఇది ఉందని ఎప్పుడూ చెప్పలేదేం సార్! కమిటీకి దీన్ని చూపిస్తే ఇంక తిరుగుంటుందా?"

"ఇది ఇయ్యనమ్మా. ఊరికే పొడిపొడి అయిపోతాది. మీద ట్రేసింగ్ కాగితం వేసి ఎత్తుకో. ఆ చెయ్యి ఒక్కటే చాలు."

ఎంత మంచి మనిషి అనుకున్నాను. నా ఇంటర్వ్యూ కోసం మూడు రోజులుగా ఇది వెతికి పెట్టారన్నమాట.

కాగితం, పెన్సిలు, రబ్బరు ఇచ్చి ఆయన స్టవ్ దగ్గరికి పోయారు. "తొందరేం లేదు. ఉన్నది ఉన్నట్ల ఎత్తు" అన్నారు పోతూ పోతూ.

అరగంట పట్టింది. వంచిన మణికట్టు, గాజులు, మూసిన నాలుగు వేళ్ళు, వాటి మీదికి వచ్చిన బొటనవేలు. తర్వాత చుక్కలు. చివర కుంచె. డ్రాయింగ్ మానేసి చాలా ఏళ్ళయినా చెయ్యి ఇంకా వింటోందని కొంచెం గర్వం కూడా కలిగింది. ఆయన టీ గ్లాసులతో వచ్చేసరికి అయిపోయింది.

"చూడండి సార్."

ఆయన గ్లాసులు కింద పెట్టి నా కాగితాన్ని పాత కాగితం మీద నుంచి ఎత్తారు. పక్కన తెల్ల కాగితం మీద పరిచారు. కాసేపు చూశారు.

"ఆ కుచ్చు యాడిది?"

"ఏ కుచ్చు సార్?"

"గీత చివర నాలుగు వెంట్రుకలు వేసినావే."

"కుంచె కుచ్చు కదా సార్. కింద ఉంది కదా."

"చూడు."

చూశాను. కింద గీత ఉంది. గీత చివర ఏమీ లేదు.

దగ్గరగా వంగి చూశాను. చెంబులు తీసి కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. సంచిలోంచి అచ్చు పుస్తకం తీసి, భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా లేదు. అయ్యో రామా! పదకొండేళ్ళుగా రోజూ చూసిన బొమ్మ. కుచ్చు ఉందని ఒట్టేసి చెప్పేదాన్ని. ఆ వెంట్రుకల సన్నదనం గమనించండి అని ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకో చెప్పాను. వాళ్ళు బుద్ధిగా తలూపి నోట్సులో రాసుకున్నారు కూడా.

"చెయ్యి దానంతట అదే వేసింది సార్" అన్నాను.

"వేస్తాది" అన్నారు.

తర్వాత చుక్కల మీద వేలు పెట్టారు, తగలకుండా, పైపైన.

"గార రాలిపోయిన చోట చుట్టూరా చుక్కలు పెట్టేవాళ్ళం. లోపల ఖాళీ వదలాల. అది మా పద్ధతి. ఈ చుక్కలు మావమ్మా. పైకప్పువి కాదు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో పుస్తకం మూసేశాను. నా థీసిస్‌లో మూడో అధ్యాయం పేరే 'రంగు చుక్కలు'.

"చుక్కలు మావి. కుచ్చు నీది" అన్నారాయన మళ్ళీ, తనకి తాను చెప్పుకుంటున్నట్టు.

"మరి గీత?"

సార్ టీ గ్లాసు తీసుకున్నారు. తాగలేదు.

"చుక్కల లోపల ఏమీ ఉండకూడదు" అన్నారు.

"ఉంది కదా సార్."

"ఉంది. పెన్సిలు చూడు. చుక్కలు గట్టి పెన్సిలు. గీత మెత్తది. పరంజా మీద మెత్త పెన్సిలు వాడనిచ్చేవాళ్ళు కాదు, కాగితమంతా మసైపోతాదని. బసకి వచ్చినాక వేసి ఉంటా."

"వేసి ఉంటా అంటే? గుర్తు లేదా?"

"ఇరవై రెండేండ్లు నాకప్పుడు. పిడికిలి ఊరికే మూసుకోని ఉంటే బాగలేదనిపించి ఉంటాది. లేకుంటే పైన ఏదన్నా మరక కనపడి, బసకి పోయినాక గుర్తొచ్చి ఉంటాది. చూసి గీసినానో, చూడకనే గీసినానో. ఆదివారం నుంచీ అదే ఆలోచిస్తాండా. నిజంగా తెలీదమ్మా."

ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద నేనెప్పుడూ గొంతు లేపి ఎరగను. ఆ రోజు లేపాను.

"ఇంటర్వ్యూకి అయిదు రోజులుంది సార్! ఇప్పుడా చెప్పడం? పదేళ్ళ ముందు చెప్పుంటే నా బతుకు ఇట్ల అయ్యేదా? కుంచె ఉందని నేను చెప్పినప్పుడు అట్లనా అని ఊరుకున్నారే!"

"చదువుకున్నదానివి. కుంచె అంటే కుంచె కాబోలు అనుకున్నా. చుక్కల సంగతి పదేండ్ల ముందు నువ్వు నాకు చదివి వినిపించలేదు కదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, ఇంకో నాలుగు మాటలు అనేదాన్ని. జరిగింది జరిగినట్టు చెప్పారంతే. ఎందుకు వినిపించలేదో నాకు తెలుసు. పెన్సిలు పట్టుకునే మనిషికి థీసిస్ ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అనుకున్నాను.

"ఇప్పుడు నేనేం చెప్పాలి సార్?"

"టీ చల్లారిపోతాంది, తాగు."

"సార్!"

"నాకు తెలీదమ్మా. పోస్టు నీది."

నేను ఎత్తిన కాగితాన్ని చుట్టి, దారం కట్టి నా చేతికిచ్చారు. గుమ్మం దగ్గర ఆగి అడిగాను, కుచ్చు చెరిపెయ్యనా అని.

"నీ గీత. నీ ఇష్టం."

ఆ అయిదు రోజులూ ఎట్లా గడిచాయో నన్నడగకండి. రెండు పాఠాలు తయారుచేశాను. కుంచె ఉన్న పాఠం ఇరవై నిమిషాలు వచ్చింది. కుంచె లేని పాఠం ఏడు నిమిషాల్లో అయిపోయింది. ఇంకెంత సాగదీసినా ఎనిమిది.

ఒక పూట అనిపించేది, ఇందులో ఇంత బాధపడ్డానికేముంది? ఆ కాగితం రేకు గొట్టంలో ఉంది. అచ్చు పుస్తకంలో చుక్కలంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. అడిగేవాళ్ళు లేరు. పైగా సార్‌కే తెలీదు. చూసి గీశారేమో! అది నిజంగా కుంచేనేమో! అలా అనుకుని అన్నం తినేదాన్ని. ఇంకో పూట, సగం అన్నంలో, నా చెయ్యి దానంతట అదే వేసిన ఆ నాలుగు వెంట్రుకలు గుర్తొచ్చేవి. కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని.

తెలిసింది చెప్పాలా, తెలిసినట్టు చెప్పాలా అని కదా మొదట నా సందేహం. ఇప్పుడు తెలిసిందేమిటో కూడా తెలియకుండా పోయింది. ఇదేం గురువయ్యా బాబూ, సందేహం తీర్చమని వెళ్తే ఉన్నదాన్ని రెట్టింపు చేసి పంపాడు, అని తిట్టుకున్నాను. గట్టిగానే తిట్టుకున్నాను.

సోమవారం సెమినార్ హాల్లో కమిటీ అయిదుగురు, వెనక వరసల్లో పిల్లలు ఇరవై మంది. అందరూ నా పిల్లలే. సంచిలో రెండు పాఠాలూ ఉన్నాయి. బోర్డు దగ్గరికి వెళ్ళేవరకూ ఏది తీస్తానో నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, తెలీదు.

చేతికి తగిలింది దారం కట్టిన చుట్ట. దాన్ని విప్పి బోర్డుకి గుచ్చాను. నేను ఎత్తిన చెయ్యి. కుచ్చు అలాగే ఉంది, చెరపలేదు.

"ఇది నేను పోయిన బుధవారం ఎత్తిన నకలు" అని మొదలుపెట్టాను. "ఇందులో ఈ నాలుగు వెంట్రుకలు అసల్లో లేవు. నేను వేశాను. వేస్తున్నట్టు నాకు తెలీదు. ఈ చుక్కలు రంగు చుక్కలని రాశాను. కావు. ఇక్కడ గార రాలిపోయిందని నకలు తీసినవాళ్ళు పెట్టుకున్న గుర్తులు. ఈ గీత పైకప్పు మీద ఉందో లేదో ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఈ చేతిలో కుంచె ఉందని నేను మీకూ, మీ ముందువాళ్ళకీ తొమ్మిదేళ్ళుగా చెప్పాను. ఏముందో నాకు తెలియదు."

పిల్లలు రాయడం ఆపేశారు. వాళ్ళల్లో ముందున్న ఒకమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. ఏడు నిమిషాలు కాదు, పందొమ్మిది నిమిషాలు మాట్లాడాను. పొరపాటు ఎలా చేశానో వరసగా చెప్తూ పోతే టైము తెలియలేదు.

అయిపోయాక కమిటీ వైపు తిరిగాను. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నారు. ఒకావిడ నా ఫైలు తిరగేస్తున్నారు. నీకెట్ల తెలుసు అని అడుగుతారని అందరూ భయపెట్టిన ఆ పెద్దాయన బిస్కెట్టు టీలో ముంచుకుని తింటున్నారు.

"నల్లదిన్నె చిత్రకారిణిని కనుక్కున్నది మీరేగా?" అన్నారు.

"కనుక్కోలేదండీ. ఇప్పుడు అదే చెప్పాను."

"టీవీలో చూశాను మిమ్మల్ని. చాలా బాగా మాట్లాడారు."

"అది తప్పని చెప్తున్నానండీ. ఆ చేతిలో..."

"పరిశోధకులకి ఆ వినయం ఉండాలి" అన్నారాయన పక్కవాళ్ళతో. పక్కవాళ్ళు తలూపారు. "సంతోషమమ్మా. వెళ్ళిరండి."

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఏం జరిగిందో అర్థం కాలేదు. నేను చెప్పింది వాళ్ళు విన్నారా? విని, వినయం అనుకున్నారా? వినకుండానే అనుకున్నారా? పుట్టి మునిగినట్టా, ఒడ్డున పడ్డట్టా?

పది రోజులకి ఆర్డరు వచ్చింది. పోస్టు నాకే.

'నల్లదిన్నె పైకప్పు చిత్రాలలో తొలి చిత్రకారిణిని గుర్తించిన విశిష్ట పరిశోధనను పరిగణనలోకి తీసుకుని' అని ఉంది అందులో. పదిహేను రోజుల్లో చేరాలి.

హాస్టల్ పిల్లలు మైసూర్‌పాక్ తెచ్చి నోట్లో కుక్కారు. మింగాలో ఉమ్మాలో తెలియక నిలబడ్డాను. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కాగితం చేతిలో ఉంది. సంతోషంగా లేదా అంటే ఉంది. గుండెల నిండా ఉంది. అయితే ఏది కాదని నోరారా చెప్పానో, దానికే ఇచ్చారు పోస్టు. నేను చెప్పేశాను కదా, ఇంక నా తప్పేముంది అనుకుంటే కొంతసేపు బాగుండేది. కానీ పుస్తకంలో ఆ పేరా అలాగే ఉంది. వచ్చే ఏడాది పిల్లలు దాన్నే బట్టీ పడతారు, నేనే మార్కులు వెయ్యాలి.

వారం తర్వాత ఉత్తరం రాశాను. ఒకే ఉత్తరం, మూడు కాపీలు. ఒకటి నా వ్యాసం వేసిన పత్రికకి, ఒకటి డిగ్రీ పుస్తకం వేసినవాళ్ళకి, ఒకటి మా రిజిస్ట్రారుకి. నల్లదిన్నె చేతిలో కుంచె ఉందన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, నకలులో గార రాలిన గుర్తుల్ని రంగు చుక్కలుగా చదివాను, గీతని సరిచూసుకోకుండా దాని మీద థీసిస్ కట్టాను, తప్పు పూర్తిగా నాది. కాగితం అడుగుదాకా రాసి, చివర్న సంతకం పెట్టాను.

ఇది చూశాక ఆర్డరు రద్దు చేసినా చేస్తారు. చేస్తే గెస్టు పని కూడా మళ్ళీ ఇవ్వరు.

కవర్లు అతికించకుండా సంచిలో పెట్టుకుని హిందూపురం వెళ్ళాను. పోస్టు చేసే ముందు సార్‌కి ఒకసారి చూపిద్దామని, అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆయన ఆపుతారని ఆశ. 'పోనీలేమ్మా, ముందు పోయి చేరు, తర్వాత నిదానంగా చూసుకుందువు' అని ఒక్క మాట అంటే చాలు, బస్టాండులోనే చించి పారేద్దును.

సార్ ఆర్డరు చదివారు. "మంచిది" అన్నారు. ఉత్తరం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు.

ఆ ఉత్తరంలో ఆయన పేరు నేను రాయలేదు. కావాలనే రాయలేదు. అచ్చయిన నకళ్ళ పుస్తకంలో ఆయన పై అధికారి పేరుంది గానీ ఆయన పేరు లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి పేరు మొదటిసారి అచ్చులోకి వచ్చేది ఒక తప్పు కింద కావడం దేనికి? ఆ మాత్రం నేను చెయ్యగలను అనుకున్నాను. ఎవరూ అడగరు కూడా, ఆయన మాట ఎత్తకపోతే ఆయన ఎవరికీ తెలీదు.

ఆయన పెదాలు కదుపుతూ మెల్లగా చదివారు. అయిపోయాక మళ్ళీ మొదటినుంచీ చదివారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. వద్దనండి సార్, ఒక్కసారి వద్దనండి.

కాగితం తిప్పి వెనక చూశారు. మళ్ళీ ముందుకి తిప్పారు. అడుగున నా సంతకం ఉన్న చోట బొటనవేలితో తడిమి చూశారు. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు.

"ఏంది ప్రసూనా, నా సంతకానికి చోటు యాడమ్మా?"